కుర్చీల సంఘం

జూన్ 7, ఆదివారం

నన్నే! ముప్పై రెండు మందిలో నన్నే! పాస్టర్ గారు ప్రకటనలన్నీ చదివేసి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అక్షరం గుండ్రంగా ఉండే అక్క ఒకరున్నారు కదా మనలో" అనగానే అందరూ నా వైపు తిరిగారు. నేను వెనక ఎవరున్నారా అని చూశాను. వెనక గోడ మీద 'ఎడమవైపు తిరగరాదు' అనే బొమ్మ తప్ప ఎవరూ లేరు.

కేంద్ర కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చిందట. నలభై మందికి తక్కువున్న సంఘాలన్నిటినీ చూసి, ఉంచాలో, నది అవతలి పెద్ద చర్చిలో కలిపేయాలో తేలుస్తారట. ఇరవై ఎనిమిదో తేదీ ఆదివారం పరిశీలకుడు వస్తాడు. ఆయన వచ్చేసరికి ఒక ప్రశ్నకు జవాబు రాసి ఉంచాలి, రెండు పేజీలు దాటకూడదు. ప్రశ్న ఇదీ: దేవుడు మీ సంఘాన్ని ఏ ఉద్దేశంతో ఉంచాడు?

"ఉంచినాయన్నే అడగొచ్చు కదా, మనల్ని అడుగుతారేంటి?" అంది మా అత్తయ్య, మెల్లగా అన్నాననుకుని, గదంతా వినబడేలా. పాస్టర్ గారితో సహా అందరం నవ్వాం.

మూసేస్తారేమోనని భయం లేదా అంటే ఉంది. పదకొండేళ్ల సంఘం. కానీ ఈ పూట భయం ఎక్కడో అడుగున ఉంది, పైన మాత్రం ఒకటే సంబరం. ఇంటికొచ్చేటప్పుడు మడత కుర్చీ చంకలో పెట్టుకుని మెట్లు రెండేసి దిగాను. మా ఆయన, "పడితే కుర్చీ విరుగుద్ది" అన్నాడు. నా కాలు సంగతి ఎత్తలేదు.

జూన్ 8, సోమవారం

కొత్త పెన్ను కొన్నాను.

జూన్ 10, బుధవారం

ఇవాళ ముప్పై ఒక్కరమయ్యాం. నర్సక్కకు వేరే ఊరు బదిలీ అయింది. సాయంత్రం పాస్టర్ గారూ, మా ఆయనా వాళ్లింటికి వెళ్లి ఆవిడ కుర్చీ తీసుకొచ్చేశారు. ఇచ్చేటప్పుడు ఆవిడ ఆ కుర్చీని తడి గుడ్డతో తుడిచి, కాళ్లు కూడా తుడిచి, ఏడ్చిందట. మా ఆయన చెబుతుంటే నాకూ ముక్కు ఎర్రబడింది.

మరి మా దగ్గర కుర్చీ అంటే అంతే కదా. మేం ఆరాధన చేసుకునేది పాస్టర్ గారు వారమంతా కార్లు నేర్పే డ్రైవింగ్ స్కూలు మేడ మీద గదిలో. సోమవారం పొద్దుటికల్లా గది ఖాళీగా ఉండాలని వాళ్ల షరతు, పాఠం చెప్పడానికి నిలువుగా కోసిన ఇంజనూ అవీ పెట్టుకోవాలిగా. అందుకని ఎవరి కుర్చీ వాళ్లింట్లో. సంఘంలో చేరిన రోజు పాస్టర్ గారు అందరి ముందూ మడత కుర్చీ చేతికిస్తారు, కింద నంబరు వేసి. వదిలి వెళ్లిన రోజు ఇంటికొచ్చి తీసుకెళతారు. 'కుర్చీ తీసేశారు' అంటే మాలో ఇంక రెండో అర్థం లేదు. ఆదివారం పొద్దున్న కుర్చీలు మోసుకుపోతుంటే వీధిలో వాళ్లు 'కుర్చీలోళ్లు వచ్చారు' అంటారు. బస్సు కండక్టరు కుర్చీకి టికెట్ అడగడం మానేసి ఆరేళ్లయింది.

ఇదంతా ఆ రెండు పేజీల్లో రాయాలా? ఛ, దేవుని ఉద్దేశం గురించి అడిగితే కుర్చీల గోల చెబుతారా ఎవరైనా.

జూన్ 14, ఆదివారం

ఆరాధన అయ్యాక నోటుబుక్కు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లాను. మన సంఘాన్ని దేవుడు ఎందుకు ఉంచాడంటారు?

సువార్త చెప్పడానికని సగం మంది. పిల్లలు చెడిపోకుండా ఉండటానికని ఒకావిడ, ఎదురుగా గోడెక్కుతున్న తన కొడుకును చూస్తూ. మా ఆయన లిఫ్టు మెకానిక్కు కదా, "పైకి తీసుకెళ్లడానికి" అన్నాడు, పెద్ద జోకేసినట్టు. మా అత్తయ్య, "ఇంట్లో నీ వంటనుంచి కాసేపు తప్పించుకోడానికి" అంది. రాసుకోలేదు.

హారన్ అన్న దగ్గరకు వెళ్లి చెవి దగ్గర గట్టిగా అడిగాను. ఆయన ఇరవై ఏళ్లు లారీలకు హారన్లు బిగించి, ప్రతిదాన్నీ మోగించి చూసి చెవులు పోగొట్టుకున్న మనిషి. ఇప్పుడు కార్ల షెడ్డులో రంగు కొడతాడు. పెళ్లీ పెటాకులూ లేవు, రెండేళ్ల కిందట మాలో చేరాడు. కుర్చీ నంబరు ఇరవై ఏడు. ప్రశ్న విని తల గోక్కున్నాడు.

"మీరు నాకు కుర్చీ ఇచ్చారు గదమ్మా," అన్నాడు. "మరి దాన్ని తీసుకురావాలి గదా. అందుక్కాదూ?"

అందరం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. అది కూడా రాసుకోలేదు.

పాటలో ఇవాళ కూడా ఆయన అలవాటు ప్రకారం అందరికన్నా సగం లైను వెనక, గదిలో గాజు పలకలు అదిరేలా. పరిశీలకుడు వచ్చిన రోజు కూడా ఇలాగే పాడితే? చచ్చాం.

జూన్ 16, మంగళవారం

మొదటి ప్రతి అయింది! 'నశించు ఆత్మలను రక్షణ మార్గమునకు నడిపించుటకును, పరిశుద్ధులను సేవకై సిద్ధపరచుటకును, లోకమునకు దీపస్తంభమువలె నుండుటకును...' అబ్బ, రాస్తుంటే ఒళ్లు గగుర్పొడిచింది. గట్టిగా చదివి వినిపించాను.

మా ఆయన, "బాగుంది. ఏ సంఘం గురించి?" అన్నాడు.

అత్తయ్య, "దీపస్తంభమా? మనమా? మొన్న కరెంటు పోతే మెట్ల మీద నలుగురం గుద్దుకున్నాం" అంది.

ఈ ఇంట్లో కళలకు విలువ లేదు.

జూన్ 18, గురువారం

ఆలోచన! ఆలోచన! నేను మిషన్ కుట్టే కర్టెన్ల షాపులో నీలం గుడ్డ థాను చివర తొంభై అడుగులు మిగిలింది. నేత దారం ఒకచోట లాగేసిందని ఎవరూ కొనలేదు. యజమానురాలిని అడిగితే, "దేవుడి పనికైతే తీసుకో, కానీ మిషన్ మీద నా పని అయ్యాకే" అంది. కుర్చీలన్నిటికీ ఒకే రకం తొడుగులు! వెనక రెండు నాడాలు! పరిశీలకుడు తలుపు తీసేసరికి ముప్పై ఒక్క నీలం కుర్చీలు గుండ్రంగా. ఒకటి తుప్పు, ఒకటి పసుపు, ఒకటి వైరుతో కట్టింది, ఈ అతుకుల బొంత ఇక కనబడదు.

ఇవాళ ఏడు కుట్టేశాను. కాలు మిషన్ మీద ఉన్నా మనసు గాల్లోనే ఉంది.

జూన్ 21, ఆదివారం

మొత్తానికి అడిగేశాను. మెట్ల దగ్గర హారన్ అన్న తన కుర్చీ భుజాన వేసుకుంటుంటే పక్కకు పిలిచి, "అన్నా, వచ్చే వారం పెద్దాయన వస్తున్నారు కదా, ఆ ఒక్క రోజూ కాస్త మెల్లగా పాడతారా?" అన్నాను.

నా పెదాలకేసి చూసి, అర్థం చేసుకుని, "మెల్లగానా? అలాగే చెల్లెమ్మా" అన్నాడు.

నవ్వాడు. నొచ్చుకోలేదు.

జూన్ 22, సోమవారం

పద్నాలుగు తొడుగులు. హారన్ అన్న నిజంగానే నొచ్చుకోలేదు, నవ్వాడు కూడా. నేను ఎంత మర్యాదగా అడిగాను!

జూన్ 24, బుధవారం

ప్రార్థనకు వచ్చిన వాళ్లందరికీ చెప్పాను. శనివారం మా షాపు వ్యాన్‌లో వచ్చి కుర్చీలు తీసుకెళతాం, తొడుగులు వేసి గదిలో సర్దేస్తాం, డ్రైవింగ్ స్కూలు వాళ్లు ఈ ఒక్కసారికి ఒప్పుకున్నారు, ఆదివారం చేతులూపుకుంటూ రండి అని. చప్పట్లు కొట్టారు. మా అత్తయ్య కూడా!

హారన్ అన్న బుధవారాలు రాడు, షెడ్డు ఎనిమిదిదాకా. ఎవరో ఒకరు చెబుతారులే.

జూన్ 27, శనివారం

అయిపోయింది! ముప్పై ఒకటీ! మా ఆయన వ్యాన్ తోలాడు, నేను గదిలో ఉండి వచ్చినదాన్ని వచ్చినట్టు తొడిగి, నంబరు చూసి దాని చోట్లో వేశాను. హారన్ అన్న పనిలో ఉన్నాడట, ఆయన కుర్చీ ఇంటి ఓనరావిడ ఇచ్చిందట. వెనక నాడాలన్నీ ఒకే రకంగా ముడి. తలుపు దగ్గర నిలబడి చూశాను. మళ్లీ బయటికెళ్లి, కొత్తగా వచ్చిన మనిషిలా తలుపు తీసి చూశాను. అలా నాలుగుసార్లు. మా ఆయన నా తలకేమైనా అయిందేమోనని చూస్తూ కూర్చున్నాడు.

పేజీలు కూడా నాలుగోసారి తిరగరాశాను. దీపస్తంభం ఉంచాను.

జూన్ 28, ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టను?

పరిశీలకుడు తొమ్మిదింటికల్లా వచ్చాడు. బక్కపలచని మనిషి, చంకలో తోలు సంచీ. గది చూసి, "ఎంత పొందిగ్గా ఉంది!" అన్నాడు. నేను నేల మీద లేను. అందరూ చేతులూపుకుంటూ వచ్చి ఎవరి చోట్లో వాళ్లు కూర్చున్నారు. మిగిలిన కుర్చీలో ఆయన కూర్చున్నాడు. లెక్కపెట్టాను, ముప్పై ఒక్క కుర్చీలూ నిండాయి. ఒక్క ఖాళీ కూడా లేదు! దేవునికి స్తోత్రమని గుండె మీద చెయ్యేసుకున్నాను. పెద్దాయన కూర్చున్న కుర్చీ ఎవరిదన్న ఆలోచనే రాలేదు. అన్నీ నీలమేగా.

పాట ఎత్తుకున్నాం. మొదటి లైను అయింది. ఆగాం.

అందరం ఆగాం. నేనూ ఆగాను. ఒక్క దమ్ము సేపు గదిలో చప్పుడు లేదు. తర్వాత రెండో లైను ఎత్తుకున్నాం. అది అయ్యాక మళ్లీ ఆగాం. అప్పటికి కూడా నాకు బుర్రకెక్కలేదు. పాట ఎంత శుభ్రంగా వస్తోందోనని మురిసిపోతున్నాను! మూడో ఆగడం దగ్గర పెద్దాయన తలెత్తాడు.

పాట అయ్యాక, "ఒక మాట అడగొచ్చా?" అన్నాడు. "ప్రతి లైను తర్వాతా ఎందుకు ఆగుతున్నారు? రాగం అలాగే ఉందా?"

పాస్టర్ గారు నా వైపు చూశారు. నేను మా ఆయన వైపు చూశాను. రాగం అలా లేదు. రెండేళ్లుగా సగం లైను వెనక వచ్చే మనిషిని కలుపుకుని వెళ్లడానికి ఆగుతున్నాం, ఆగుతున్నామని ఎవరికీ తెలియకుండానే.

"మా హారన్ రాలేదు బాబూ," అంది అత్తయ్య. "ఏడే, ఆ అబ్బాయి?"

మా ఆయన చెవి దగ్గర, "నిన్న హారన్ అన్న కుర్చీ తీసుకునేటప్పుడు ఓనరావిడకు ఏం చెప్పారు?" అని అడిగాను.

"ఏం చెబుతాను? సంఘం నుంచి వచ్చాం, కుర్చీ కావాలన్నాను. ఇచ్చింది."

సంఘం నుంచి వచ్చి కుర్చీ తీసుకెళ్లారు. వారం కిందట నేనే పాట మెల్లగా పాడమన్నాను. ఆ మనిషి దీన్ని ఇంకెలా అర్థం చేసుకుంటాడు?

పరిశీలకుడి దగ్గరికి వెళ్లి, "లేవండి" అన్నాను. అలాగే అన్నాను, అయ్యా లేదు, దయచేసి లేదు. ఆయన లేచాడు. తొడుగు పీకి పడేసి, కింద ఇరవై ఏడు నంబరు చూసుకుని, మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగి పరుగెత్తాను.

ఇంటి దగ్గర లేడు. షెడ్డుకెళ్లాడంది ఓనరావిడ, ఆదివారం పని అడిగి తీసుకున్నాడట. రెండు వీధులు. చెప్పు తెగింది. షెడ్డులో కంప్రెసర్ మోత, ఆయన మూతికి గుడ్డ కట్టుకుని ఒక కారు తలుపుకు ఎర్ర రంగు కొడుతున్నాడు. నన్ను చూసి గుడ్డ కిందికి లాగాడు.

"ఏంటి చెల్లెమ్మా, ఆరాధన అప్పుడే అయిపోయిందా?"

"మీరెందుకు రాలేదన్నా!" అని అరిచాను.

"కుర్చీ తీసేశారు గదమ్మా," అన్నాడు. ఏ నిష్ఠూరమూ లేకుండా, ఇవాళ ఎండగా ఉంది అన్నట్టు. "నువ్వు చెప్పినాక ఇంట్లో నేర్చుకుందామని చూశా. రావట్లేదు. మీ నోళ్లు కదిలితే గదా నాకు తెలిసేది, అందుకే వెనకబడతా. సరే, పెద్దాయన వస్తున్నారు గదా, ఎందుకొచ్చిన ఇబ్బందని తీసేసుంటారనుకున్నా. పర్లేదు. రెండేళ్లు కూర్చోనిచ్చారు."

"తీసెయ్యలేదు! తొడుగు వెయ్యడానికి తెచ్చాను!"

"ఏంటీ?"

కంప్రెసర్ మోతలో నా మాట నాకే వినబడటం లేదు. ఆయన నా పెదాలు చూడాలంటే నా మొహం నిలకడగా ఉండాలి, అది ఏడుపుతో వంకర్లు పోతోంది. ఊపిరంతా బిగబట్టి అరిచాను.

"తప్పు నాదన్నా! మీ పాటంటే నాకు సిగ్గేసింది! పెద్దాయన ముందు పరువు పోతుందని మెల్లగా పాడమన్నాను!"

సరిగ్గా 'తప్పు' దగ్గర షెడ్డు యజమాని కంప్రెసర్ కట్టేశాడు. మిగతాదంతా వీధికి వినబడింది. వెనక్కి తిరిగితే వీధి మొదట్లో పాస్టర్ గారు, మా ఆయన, అత్తయ్య, సంఘం మొత్తం, ఎవరి కుర్చీ వాళ్ల చంకలో. చివర తోలు సంచీతో పరిశీలకుడు. అందరూ విన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

హారన్ అన్న నాకేసి చూస్తూ నిలబడ్డాడు.

"సిగ్గేసిందా?"

తలూపాను.

"మరిప్పుడు?"

"ఇప్పుడు ఇంకా ఎక్కువ సిగ్గేస్తోంది," అంటూ కారు తలుపుకు ఆనుకుని భోరుమన్నాను.

"అయ్యో అయ్యో, రంగింకా తడిగా ఉందమ్మా!" అని నన్ను లాగాడు. అప్పటికే నా వీపంతా ఎర్రగా అయింది, తలుపు మీద నా భుజం అచ్చు పడింది. అది చూసి అత్తయ్యకు నవ్వొచ్చింది. అత్తయ్య నవ్వితే ఎవరూ ఆగలేరు. నేను ఏడుస్తూనే నవ్వాను. హారన్ అన్న కూడా నవ్వాడు, కానీ మళ్లీ రంగు కొట్టాలిగా, ఇరవై నిమిషాలు పడుతుందన్నాడు. కుర్చీలు వేసుకుని షెడ్డులోనే కూర్చున్నాం. పాస్టర్ గారు అక్కడే వాక్యం చెప్పారు. పరిశీలకుడు ఒక టైరు మీద కూర్చుని విన్నాడు.

వెళ్లేటప్పుడు నా రెండు పేజీలు అడిగాడు. తప్పు రాశాను, ఇవ్వనన్నాను. "తప్పుతోనే ఇవ్వండి" అని తీసుకెళ్లాడు. దీపస్తంభంతో సహా.

జూన్ 29, సోమవారం

రంగు పోవడం లేదు. కిరసనాయిలుతో రుద్దినా పోవడం లేదు. షాపులో అందరికీ చూపించి నవ్వించాను.

జూలై 5, ఆదివారం

హారన్ అన్న వచ్చాడు! కుర్చీ భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే నేను పైనుంచి చప్పట్లు కొట్టాను.

కానీ పాట దగ్గర నోరు కదిలింది, గొంతు రాలేదు. మేం లైను చివర ఆగి చూశాం. ఆయన పెదాలు ఆడిస్తూ ఉన్నాడు, చప్పుడు లేదు. తర్వాత వెళ్లి, "గట్టిగా పాడండన్నా" అన్నాను. "ఇలాగే బాగుందిలే చెల్లెమ్మా, అలవాటైంది" అన్నాడు.

నవ్వాడు. ఈసారి నేను దాన్ని నమ్మలేదు. నొచ్చుకున్నాడు, రెండు వారాల కిందటే నొచ్చుకున్నాడు. నాకు ఆ రోజే తెలుసు.

జూలై 12, ఆదివారం

ఉత్తరం వచ్చింది. కలిపేస్తున్నారు. ఇరవై ఆరో తేదీ నుంచి మేమంతా పెద్ద చర్చికి వెళ్లాలి.

పాస్టర్ గారు చదువుతూ మధ్యలో రెండుసార్లు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కింద పరిశీలకుడు చేత్తో నాలుగు ముక్కలు రాశాడట: 'అక్కడ ఆరు వందల మంది ఉన్నారు. ఎవరు రాలేదో ఎవరికీ తెలియదు. మీలో ఒకరు రాకపోతే ఆరాధన మధ్యలో లేచి వెతకడానికి పోయారు. మీరు అక్కడికి వెళ్లాలి.'

ఓహో! మెచ్చుకుంటూ మెడకోసే పద్ధతా ఇది? లేవమంటే లేచినప్పుడు మంచివాడే అనుకున్నాను. ఆ తోలు సంచీ గుంజుకుని నా పేజీలు వెనక్కి తీసుకోవాల్సింది. ముప్పై ఒక్క మంది ఆరు వందల్లో కలిస్తే ఏమవుతారు? కనబడకుండా పోతారు, అంతే.

అత్తయ్య కుర్చీ మడవకుండా చాలాసేపు అందులోనే కూర్చుంది. నేను కూడా తొందరపెట్టలేదు.

జూలై 26, ఆదివారం

పెద్ద చర్చి నిజంగా పెద్దదే. తల ఎత్తితే మెడ పట్టేసింది. బల్లలన్నీ నేలకు బిగించేసి ఉన్నాయి, కుర్చీలెవరికీ అవసరం లేదు. గుమ్మంలో ఒకాయన నవ్వి, ఎడమవైపు మూడు వరసలు చూపించాడు. పైన బాల్కనీలో ఆర్గాన్, పెద్ద హార్మోనియంలాంటిది, కింద మేం కనబడేలా ఎదురుగా అద్దం పెట్టుకుని ఒక పెద్దావిడ వాయిస్తుంది. మోత గుండెల్లోకి వచ్చింది. బాగుంది, బాగుందని చెప్పడానికి నాకు ఒళ్లు మండింది కానీ బాగుంది.

నా వెనక వరసలో హారన్ అన్న. పాటప్పుడు తిరిగి చూశాను. ఈసారి పెదాలు కూడా కదలటం లేదు. అయ్యో, కదలవు కదా! డ్రైవింగ్ స్కూల్లో గుండ్రంగా కూర్చునేవాళ్లం, అందరి నోళ్లూ ఆయనకు కనబడేవి. ఇక్కడ ఆయనకు కనబడేవి మా మెడలే. ఎక్కడ పాడుతున్నామో, ఎప్పుడు ఆపామో కూడా తెలియక చేతిలో పాటల పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. అందరూ కూర్చున్న కాసేపటికి కూర్చున్నాడు.

బయటికొచ్చాక, "గోడలు భలే ఉన్నాయమ్మా. లోపల రంగెవరు కొట్టారో గానీ మంచి పనివాడు" అన్నాడు. వచ్చే వారం షెడ్డులో పని ఉండొచ్చని కూడా అన్నాడు.

ఉండొచ్చు అంటే ఏమిటో ఇప్పుడు నాకు తెలుసు.

ఆగస్టు 2, ఆదివారం

ఇవాళ అక్షరం గుండ్రంగా రావడం లేదు, రాకపోతే పోనీ!

పొద్దున్నే ఆయన ఇంటికెళ్లి నిలబడ్డాను. మా ఆయన, అత్తయ్య కూడా వచ్చారు. పని ఉందన్నాడు. షెడ్డు యజమానిని అడిగొచ్చాను, లేదన్నాడని అన్నాను. "నువ్వు మామూలు మనిషివి కాదు" అని చొక్కా మార్చుకున్నాడు.

పాట అనగానే అందరూ లేచారు. ఆర్గాన్ మొదలైంది. నేను లేచి వెనక్కి తిరిగాను. ముందున్న పీఠానికి వీపు పెట్టి, హారన్ అన్న మొహానికి మొహం పెట్టి నిలబడ్డాను. ఆయన వెనక ఆరు వందల మొహాలు, అన్నీ నాకేసే! పోయిన వారం గుమ్మంలో నిలబడినాయన గబగబా వచ్చి, "అమ్మా, అటు తిరగండి" అన్నాడు మెల్లగా. "నేను తిరగనండీ" అన్నాను. పక్కనుంచి అత్తయ్య, "అది ఇంట్లో కూడా అంతే బాబూ" అంది.

పాడాను. నోరు బాగా తెరిచి, ఒక్కో అక్షరం చిన్నపిల్లలకు చెప్పినట్టు పాడాను. ఆయన నా నోటికేసి చూస్తున్నాడు. చూస్తున్నాడు, పాడటం లేదు. మొదటి లైను పోయింది. రెండోది పోయింది. నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, నోరు మాత్రం మూయలేదు. మూడో లైను సగంలో ఉండగా ఆయన ఛాతీ పొంగడం చూశాను.

ఎత్తుకున్నాడు! అబ్బ, ఆ గొంతు! సగం లైను వెనక, లారీ మలుపు తిరిగేటప్పుడు మోగినట్టు! మూడు వరసల్లో మా వాళ్లు లైను చివర టక్కున ఆగారు, పాత అలవాటు. మిగతా వాళ్లు ఇదెక్కడి గొంతురా అని ఆగారు. ఆర్గాన్ పెద్దావిడ అద్దంలో చూసింది. చూసి, వేళ్లు తీయకుండా ఆ చివరి స్వరాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది. ఆయన లైను పూర్తయ్యేదాకా. పూర్తయ్యాక నాలుగో లైనుకు వెళ్లింది. దాని చివరా పట్టుకుంది.

చరణం అయింది. ఆర్గాన్ ఆగింది. హారన్ అన్న నా వైపు వంగి, గుసగుసగా అడిగాననుకుని, పైకప్పు దాకా వినబడేలా అడిగాడు.

"గట్టిగా పాడేశానా చెల్లెమ్మా?"

"గట్టిగానే పాడారన్నా!" అని నేనూ అరిచాను.

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు, మంచి నవ్వు, నాకు తేడా తెలుస్తుంది. పైనుంచి ఆర్గాన్ పెద్దావిడ తల బయటికి పెట్టి, "ఇంకా మూడు చరణాలున్నాయి, కానివ్వండి" అంది.

రెండో చరణానికి హారన్ అన్న నా నోటికేసి చూశాడు. ఆరు వందల మందీ ఆయన నోటికేసి చూశారు.